వెబ్ డెవలప్‌మెంట్ నుంచి గేమ్ ప్రోగ్రామింగ్‌కి మారవచ్చా? ఆ ఉద్యోగం లోపల ఎలా ఉంటుంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: రెండేళ్లుగా వెబ్ డెవలపర్‌గా చేస్తున్నారు, చిన్నప్పటి నుంచీ గేమ్స్ అంటే ప్రాణం, ఇప్పుడు గేమ్ ప్రోగ్రామింగ్‌లోకి మారాలనుకుంటున్నారు. అక్కడ రోజువారీ పని ఎలా ఉంటుంది, ఎక్కువకాలం నిలబడగలమా, ముందు యూనిటీ అనే గేమ్ ఇంజిన్ (ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్) పట్టుకోవాలా, సి ప్లస్ ప్లస్ భాష పట్టుకోవాలా అన్నది మీ సందేహం.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. రావచ్చు, మీ రెండేళ్ల అనుభవం ఎక్కడికీ పోదు. కానీ ఆటలు ఆడటం ఇష్టం అన్న కారణం ఒక్కటే ఉంటే మాత్రం రావద్దు. ఇక్కడ మీరు రాసే కోడ్‌లో సింహభాగం ఆడేవాళ్లకి నేరుగా కనిపించదు. డిజైనర్లు, ఆర్టిస్టులు, యానిమేటర్లు, సౌండ్ వాళ్లు తమ మనసులో ఉన్నదాన్ని తెరమీదికి తెచ్చుకోగలిగేలా ఏర్పాట్లు చేసిపెట్టాలి, ఆ మొత్తం బరువు ఒక్కో ఫ్రేమ్‌కి, అంటే తెరమీద గీసే ఒక్కో బొమ్మకి, దొరికే కొద్ది మిల్లీసెకన్లలో ఇమిడేలా చూడాలి. ఈ పనిలో మీకు ఆనందం దొరుకుతుందో లేదో దాన్ని బట్టే మీరు ఇక్కడ ఎన్నాళ్లుంటారో తేలుతుంది. భాష, ఇంజిన్ వగైరాలన్నీ ఆ తర్వాతి సంగతి.

రోజు ఎలా గడుస్తుందో చెబుతాను. పొద్దున్నే నిన్నటి మార్పులన్నీ దింపుకుని బిల్డ్, అంటే అన్నీ కలిపి తయారైన గేమ్, ఆడుతోందో లేదో చూస్తాం. పెద్ద ప్రాజెక్టుల్లో కోడ్ కంటే బొమ్మలు, త్రీడీ మోడల్స్, శబ్దాల ఫైళ్లే చాలా ఎక్కువ చోటు తింటాయి, అందుకే మీకు అలవాటైన గిట్ బదులు చాలా స్టూడియోల్లో ఫైళ్ల మార్పులు దాచడానికి పెర్‌ఫోర్స్ కనిపిస్తుంది. బిల్డ్ బ్రేక్ అయితే టీమ్‌లో సగం మంది పని ఆగిపోతుంది కాబట్టి ముందు దాని సంగతి చూడాలి, మన ఫీచర్ తర్వాత. ఇంతలో ఒక డిజైనర్ వచ్చి "ఈ శత్రువు తలుపు దగ్గర ఇరుక్కుపోతున్నాడండీ, కాస్త చూస్తారా" అంటారు. చూస్తే తలుపు కోడ్ ఒకరు రాసింది, దారి వెతికే కోడ్ మరొకరిది, నడక యానిమేషన్ ఇంకొకరిది. విడివిడిగా మూడూ బాగానే ఉన్నాయి, కలిసినప్పుడే పేచీ. మధ్యాహ్నమంతా అక్కడికే సరి. కొత్తగా కోడ్ రాసే సమయం కంటే చదవడం, వెతకడం, పక్కవాళ్లతో మాట్లాడటం చాలా రోజుల్లో ఎక్కువగానే ఉంటుంది.

నాకు ఇప్పటికీ ఎక్కువ తృప్తి ఇచ్చే పని ఏదంటే, ఒక ప్రాజెక్టులో చేసిన చిన్న టూల్. శత్రువులు ఏ సమయానికి ఎక్కడి నుంచి రావాలి అన్న వివరాలన్నీ కోడ్‌లోనే ఉండేవి. డిజైనర్ ఒక అంకె మార్చాలన్నా మాలో ఒకరి దగ్గరికి రావాలి, మేం మార్చాలి, బిల్డ్ అయ్యేదాకా ఆగాలి, ఆడి చూసి "ఇంకొంచెం తగ్గిద్దామా" అనాలి, మళ్లీ మొదటికి. ఆ వివరాలన్నీ ఎడిటర్‌లో ఒక కిటికీలోకి తెచ్చి, ఆట నడుస్తుండగానే మార్చుకునేలా చేసి ఇచ్చాను. కొన్ని వారాల్లో ఆ డిజైనర్లు మేం ఎవరం ఊహించని రకం లెవెల్స్ తయారుచేశారు. ఆడినవాళ్లు ఆ లెవెల్స్‌ని మెచ్చుకున్నారు, టూల్ సంగతి ఎవరికీ తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. ఇది చదివి మీకు సంతోషం అనిపించిందంటే ఈ ఉద్యోగానికి మీరు తగినవాళ్లే.

ఇప్పుడు అసలు తేడా, అంటే వెబ్ నుంచి వచ్చేవాళ్లకి కొత్తగా తగిలేది: ఫ్రేమ్ బడ్జెట్. సెకనుకి 60 ఫ్రేములు చూపించాలంటే ఒక్కో ఫ్రేమ్‌కి దొరికేది సుమారు 16.6 మిల్లీసెకన్లు. 30 ఫ్రేములైతే 33.3. వీఆర్ హెడ్‌సెట్‌లో 90 అంటే 11 మాత్రమే. ఈ కొద్ది వ్యవధిలో ఆటగాడి బటన్లు చదవాలి, భౌతిక సూత్రాల లెక్కలు, శత్రువుల ఆలోచన, యానిమేషన్, శబ్దం, బొమ్మ గీయడానికి గ్రాఫిక్స్ కార్డుకి ఆదేశాలు, అన్నీ అయిపోవాలి, అయిపోగానే మళ్లీ మొదలుపెట్టాలి. వెబ్‌లో ఒక రిక్వెస్ట్‌కి 200 మిల్లీసెకన్లు పట్టినా సాధారణంగా ఎవరూ పెద్దగా పట్టించుకోరు, చాలాసార్లు సగటు బాగుంటే సరిపోతుంది. ఇక్కడ సగటు మిమ్మల్ని కాపాడదు. వంద ఫ్రేములు సాఫీగా నడిచి ఒక్కటి 50 మిల్లీసెకన్లు తీసుకుంటే ఆడేవాళ్లకి ఆ కుదుపే తెలుస్తుంది.

ఒక ఉదాహరణ. ఒక మొబైల్ గేమ్‌లో కొన్ని సెకన్లకోసారి చిన్న కుదుపు వచ్చేది. చూడగానే గ్రాఫిక్స్ ఎక్కువయ్యాయని అందరూ అనుకున్నారు, ఆర్టిస్టులు బొమ్మల సైజు తగ్గించడం కూడా మొదలుపెట్టారు. ప్రొఫైలర్ (ఏ కోడ్ ఎంత సమయం తింటోందో చూపే టూల్) పెట్టి చూస్తే, దెబ్బ తగిలినప్పుడు తలమీద ఎగిరే అంకెలున్నాయే, అవి ప్రతిసారీ కొత్త స్ట్రింగ్, కొత్త ఆబ్జెక్ట్ పుట్టిస్తున్నాయి. ఆ చెత్తంతా పోగుపడి గార్బేజ్ కలెక్టర్ (వాడకంలో లేని మెమరీని ఖాళీ చేసేది) ఒక్కసారిగా ఊడ్చినప్పుడల్లా ఫ్రేమ్ ఆగుతోంది. కొన్ని అంకెల ఆబ్జెక్టులు ముందే తయారుచేసి పెట్టుకుని వాటినే తిప్పితిప్పి వాడేలా మార్చాం, కుదుపు పోయింది, ఆర్టిస్టుల బొమ్మలు వాళ్లకి తిరిగి వచ్చాయి. అందుకే కొత్తగా చేరినవాళ్లకి నేను చెప్పే మొదటి మాట: ఊహించి సరిచేయకండి, ముందు కొలవండి. యూనిటీ, అన్‌రియల్ ఇంజిన్లు రెండింటిలోనూ ప్రొఫైలర్ ఉంది, గ్రాఫిక్స్ కోసం రెండర్‌డాక్ ఉచితంగా దొరుకుతుంది. వాటిని చదవడం వచ్చిన జూనియర్‌కి టీమ్‌లో విలువ చాలా త్వరగా పెరుగుతుంది.

ఇంకొక రకం బగ్ కూడా చెప్పాలి, ఎందుకంటే ఇలాంటివి మిమ్మల్ని భయపెడతాయో ఊరిస్తాయో మీరే చూసుకోవాలి. టెస్టింగ్ వాళ్లు రాత్రంతా గేమ్ ఆన్‌లోనే వదిలేసి, మర్నాడు సాయంత్రం చూస్తే అన్ని యానిమేషన్లూ సన్నగా వణుకుతున్నాయి. ఆపి మళ్లీ పెడితే ఏమీ లేదు. కారణం ఏమిటంటే, ఆట మొదలై ఎన్ని సెకన్లయిందన్నది 32 బిట్ల ఫ్లోట్‌లో (దశాంశ సంఖ్యలు దాచే ఒక రకం) దాచారు. ఫ్లోట్‌కి ఉన్న కచ్చితత్వం సుమారు ఏడు అంకెల వరకే. మొదట్లో సెకనులో లక్షో వంతు తేడా కూడా పట్టుకోగలిగింది, 86,400 సెకన్లు, అంటే ఒక రోజు, దగ్గరికి వచ్చేసరికి పక్కపక్క విలువల మధ్య దూరమే దాదాపు 8 మిల్లీసెకన్లు అయిపోతుంది. ఫ్రేమే 16.6 అయినప్పుడు 8 అంటే సగం! వణకదా మరి. రెట్టింపు బిట్లున్న డబుల్‌కి మారిస్తే పోయింది. పెద్ద మైదానాలున్న ఆటల్లో ఆటగాడు మూలబిందువు నుంచి చాలా దూరం వెళ్లినప్పుడు చేతిలో తుపాకీ వణికినట్టు కనిపించడానికీ ఇదే కారణం, అక్కడ సమయం బదులు దూరం.

గణితం భయం ఉందా అంటే, కావాల్సింది మీరు అనుకునేంత లేదు, కానీ కావాల్సింది మాత్రం గట్టిగా రావాలి. వెక్టర్లు, డాట్ ప్రోడక్ట్, క్రాస్ ప్రోడక్ట్, మాత్రికలు, త్రికోణమితి, తర్వాత క్వాటర్నియన్లు (త్రీడీలో వస్తువులు తిరిగే తీరుని లెక్కించే సంఖ్యలు). శత్రువు నా ముందున్నాడా వెనకున్నాడా అన్నది డాట్ ప్రోడక్ట్ ఒక్క లైన్‌లో చెప్పేస్తుంది. దారి వెతకడానికి ఇప్పటికీ వాడే ఏ-స్టార్ పద్ధతి 1968 నాటిది. ఇంతకు మించి లోతు గ్రాఫిక్స్, ఫిజిక్స్ వైపు వెళ్లేవాళ్లకి కావాలి.

ఈ పనిలో నాకు అందంగా అనిపించేది మాత్రం ఆట "చేతికి" ఎలా తగులుతుందన్న విషయం. సెలెస్ట్ అనే 2018 నాటి గేమ్ తయారుచేసినవాళ్లు తమ ముఖ్య పాత్ర కోడ్ ఫైల్‌ని అందరికీ చదవడానికి పెట్టారు, వేల లైన్లు ఉంటుంది, తప్పకుండా చదవండి. అందులో పాత్ర అంచు దాటి గాల్లోకి వచ్చేశాక కూడా 0.1 సెకను వరకు జంప్ బటన్ పనిచేస్తుంది. సిద్ధాంతం ప్రకారం అది తప్పు, కాలికింద నేల లేదు కదా. కానీ ఆ వెసులుబాటు లేకపోతే ఆడేవాళ్లు "నేను నొక్కాను, అది ఎగరలేదు" అని విసుక్కుంటారు, వాళ్ల మనసులో వాళ్లు సరిగ్గానే నొక్కారు. ఇలాగే నేల తాకకముందే నొక్కిన జంప్‌ని కాసేపు గుర్తుపెట్టుకుని తాకగానే ఎగిరించడం ఒకటి. ఈ చిన్నచిన్న దయలు కోడ్‌లో పెట్టడం గేమ్‌ప్లే ప్రోగ్రామర్ పని, డిజైనర్ పక్కన కూర్చుని 0.1 బాగుందా 0.08 బాగుందా అని గంటలు గడపడం నిజంగా జరుగుతుంది, ఆ గంటలు నాకు ఎప్పుడూ బరువనిపించలేదు.

గేమ్ ప్రోగ్రామర్ అన్నది ఒకే ఉద్యోగం కూడా కాదు. గేమ్‌ప్లే, ఇంజిన్, గ్రాఫిక్స్, నెట్‌వర్క్, టూల్స్, ఏఐ, యూఐ, ఆడియో, బిల్డ్ సిస్టమ్స్ అని చాలా దారులున్నాయి. చిన్న స్టూడియోలో ఒకరే నాలుగు చూస్తారు, పెద్దదాంట్లో ఒకరు ఏళ్ల తరబడి యానిమేషన్ సిస్టమ్ మాత్రమే చూడొచ్చు. మీలాంటివాళ్లకి తలుపు తొందరగా తెరుచుకునేది నా అంచనాలో టూల్స్, యూఐ, ఆన్‌లైన్ సేవల వైపు. లాగిన్, మ్యాచ్‌మేకింగ్, లీడర్‌బోర్డులు, ఆటలో కొనుగోళ్లు, ఇవన్నీ బ్యాకెండ్ పనులే, అవి తెలిసినవాళ్ల కోసం గేమ్ స్టూడియోలు వెతుకుతూనే ఉంటాయి. లోపలికి వచ్చాక గేమ్‌ప్లే వైపు జరగడం బయటి నుంచి ప్రయత్నించడం కంటే తేలిక, నాతో పనిచేసినవాళ్లలో అలా జరిగినవాళ్లున్నారు.

ఒంటరిగా గేమ్ చేసి పేరు తెచ్చుకున్నవాళ్ల కథలు మీరు చదివే ఉంటారు. క్రిస్ సాయర్ 1999లో వచ్చిన రోలర్‌కోస్టర్ టైకూన్ కోడ్‌ని దాదాపు మొత్తం అసెంబ్లీ భాషలో రాశాడు. ఎరిక్ బరోన్ నాలుగేళ్లకు పైగా ఒక్కడే కూర్చుని కోడ్, బొమ్మలు, సంగీతం అన్నీ చేసి 2016లో స్టార్‌డ్యూ వ్యాలీ విడుదల చేశాడు. ఇవి నిజమే, గొప్పవే. కానీ వాటిని చూసి ఉద్యోగం మానేసి గదిలో కూర్చోవద్దు, అలా కూర్చుని ఎవరికీ తెలియకుండా ఆగిపోయినవాళ్ల సంఖ్య ఎక్కడా అచ్చవదు. డూమ్ గేమ్ ముఖ్య ప్రోగ్రామర్ జాన్ కార్మాక్ గురించి కూడా ఒక మాట. 1993 నాటి డూమ్ అంత వేగంగా నడవడానికి తోడ్పడిన బీఎస్‌పీ పద్ధతి (ఆటలోని చోటుని ముందే ముక్కలుగా విభజించి పెట్టుకోవడం) ఆయన కనిపెట్టింది కాదు, పరిశోధన పత్రాల్లో అప్పటికే ఉంది. చదివి, తన సమస్యకి అది సరిపోతుందని గుర్తించి, అప్పటి మామూలు పీసీల మీద నడిపించాడు. ఆ చదివే అలవాటు మనం నేర్చుకోగలిగినది. డూమ్ సోర్స్ కోడ్ 1997 నుంచి, క్వేక్ 3 కోడ్ 2005 నుంచి అందరికీ అందుబాటులో ఉన్నాయి.

ఇక కష్టాలు. క్రంచ్ అనే మాట మీరు వినే ఉంటారు: విడుదల దగ్గరపడ్డాక నెలల తరబడి రాత్రిళ్లు, వారాంతాలు పనిచేయడం. 2004లో ఒక పెద్ద సంస్థ ఉద్యోగికి కాబోయే భార్య అతని పనిగంటల గురించి పేరు చెప్పకుండా రాసిన ఉత్తరం పెద్ద దుమారం లేపింది, కోర్టు కేసులదాకా వెళ్లింది. అప్పటి కంటే ఇప్పుడు చాలాచోట్ల మెరుగే, అన్నిచోట్లా కాదు. కన్సోల్ గేమ్ అయితే చివర్లో సోనీ, మైక్రోసాఫ్ట్, నింటెండోల పరీక్షలు దాటాలి. కంట్రోలర్ వైరు ఊడితే ఆట ఆగిందా, సేవ్ అవుతుండగా పవర్ పోతే ఏమవుతుంది, ఇలాంటివన్నీ చూస్తారు. ఒక్కదాంట్లో తప్పినా మళ్లీ పంపాలి, తేదీ మాత్రం ముందే ప్రకటించి ఉంటారు. టెన్షన్ అంతా అక్కడే. నేను చూసినంతలో క్రంచ్‌కి అసలు కారణం ప్రోగ్రామర్ల నెమ్మది అయిన సందర్భాలు తక్కువ, ఏ ఫీచర్ వదిలేయాలో సమయానికి నిర్ణయించకపోవడమే ఎక్కువ.

రెండోది, ప్రాజెక్టులు రద్దవడం. రెండు మూడేళ్లు చేసిన గేమ్ ఒక మీటింగ్‌లో ఆగిపోతుంది, రహస్య ఒప్పందం వల్ల అందులో ఏం చేశారో ఇంటర్వ్యూలో చూపించలేరు కూడా. నేను పనిచేసిన ఒకచోట అలా ఆగినప్పుడు నాకు బాధ కలిగింది కోడ్ పోయినందుకు కాదు, ఒక యానిమేటర్ అంతకాలం మలచిన పాత్ర ఎవరి కంటా పడకుండా పోయినందుకు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

మూడోది లేఆఫ్స్. 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ తన గేమింగ్ విభాగంలో 1,900 మందిని తీసేసింది. అదే ఏడాది మే నెలలో టాంగో గేమ్‌వర్క్స్‌ని మూసేస్తున్నట్టు ప్రకటించింది, అంతకుముందు ఏడాదే ఆ స్టూడియో చేసిన హై-ఫై రష్‌ని విమర్శకులూ ఆటగాళ్లూ నెత్తిన పెట్టుకున్నారు. తర్వాత మరో సంస్థ ఆ టీమ్‌ని తీసుకుంది, అది వేరే విషయం. మంచి గేమ్ చేస్తే ఉద్యోగం భద్రం అనుకోకూడదని చెప్పడానికే ఇది రాస్తున్నాను. జీతం కూడా అంతే, ఇదే నైపుణ్యానికి మామూలు సాఫ్ట్‌వేర్ సంస్థలు సాధారణంగా ఎక్కువ ఇస్తాయి. కాబట్టి కొన్ని నెలల ఖర్చులకు సరిపడా పొదుపు ఎప్పుడూ పక్కన ఉంచుకోండి, మీ నైపుణ్యంలో ఒక భాగం బయట కూడా చెల్లేదిగా ఉంచుకోండి. గ్రాఫిక్స్, నెట్‌వర్క్, పెర్ఫార్మెన్స్ తెలిసినవాళ్లని సిమ్యులేషన్, రోబోటిక్స్, వాహనాల డిస్‌ప్లేలు చేసే సంస్థలు కూడా తీసుకుంటాయి.

ఎక్కువకాలం నిలబడగలమా అంటే నిలబడగలం. సటోరు ఇవాటా హాల్ ల్యాబరేటరీ అనే గేమ్ సంస్థలో ప్రోగ్రామర్‌గా మొదలై 2002లో నింటెండో అధ్యక్షుడయ్యాడు, అది అరుదైన దారి. మామూలు దారిలో సీనియర్ అయ్యాక ఒకవైపు లీడ్, టెక్నికల్ డైరెక్టర్ ఉంటాయి, మరోవైపు మనుషుల నిర్వహణ జోలికి పోకుండా ఒక విభాగంలో నిపుణుడిగా ఉండిపోవడం ఉంటుంది. నలభై దాటాక కూడా సంతోషంగా కోడ్ రాస్తున్నవాళ్లు నాకు తెలుసు, వాళ్లలో ఎక్కువమంది ఇంజిన్, టూల్స్ వైపువాళ్లు. వదిలేసి వెళ్లినవాళ్లు కూడా చాలామందే, ఎక్కువగా పిల్లలు పుట్టాక, పనిగంటల వల్ల. వాళ్లు ఓడిపోయారని నేను అనుకోను.

యూనిటీనా సి ప్లస్ ప్లస్సా? మీకు వెబ్ నేపథ్యం ఉంది కాబట్టి ముందు యూనిటీతో సి షార్ప్ భాష, లేదా గోడో అనే ఇంజిన్. ఒక చిన్న గేమ్ పూర్తయ్యాక సి ప్లస్ ప్లస్. పెద్ద కన్సోల్ స్టూడియోలు, అన్‌రియల్, ఇంజిన్ ఉద్యోగాలు మీ గమ్యమైతే సి ప్లస్ ప్లస్ తప్పించుకోలేరు, మెమరీ ఎలా అమరుతుందో, క్యాష్ అంటే ఏమిటో అక్కడే అర్థమవుతుంది. అయితే ఒక్క ఇంజిన్‌కే అతుక్కోవద్దు. 2023 సెప్టెంబర్‌లో యూనిటీ ఇన్‌స్టాల్‌ల లెక్కన రుసుము వేస్తామని ప్రకటించి చాలామంది చిన్న డెవలపర్లకి నిద్రలేకుండా చేసింది, ఏడాది తర్వాత ఉపసంహరించుకుంది. ఆ ఏడాదిలో వేరే ఇంజిన్‌కి మారగలిగినవాళ్లు మెనూలు కాకుండా మూలసూత్రాలు నేర్చుకున్నవాళ్లే.

పోర్ట్‌ఫోలియో విషయంలో నేను ఇంటర్వ్యూ చేసేవైపు కూర్చున్నప్పుడు చూసేది చెబుతాను. సగంలో ఆగిన పెద్ద ఆన్‌లైన్ గేమ్ కంటే, మెనూ, పాజ్, సౌండ్, సేవ్ అన్నీ ఉండి పది నిమిషాల్లో ముగిసే చిన్న గేమ్ నాకు ఎక్కువ చెబుతుంది. దాని వీడియో నిమిషం లోపు పెట్టండి, కోడ్ లింక్ ఇవ్వండి, ఒక సమస్యని ఎలా కొలిచి ఎలా తగ్గించారో ముందు ఎన్ని మిల్లీసెకన్లు తర్వాత ఎన్ని అని రాయండి. ఆ చివరిది రాసేవాళ్లు చాలా తక్కువ. లూడమ్ డేర్, గ్లోబల్ గేమ్ జామ్ లాంటి జామ్‌లలో (కొద్ది రోజుల్లో ఒక గేమ్ చేసే ఈవెంట్లు) ఆర్టిస్టులతో కలిసి చేయండి, ఎందుకంటే ఇంటర్వ్యూలో నేను తప్పకుండా అడిగే ప్రశ్న "వాళ్లు అడిగినది కుదరదని తెలిసినప్పుడు ఏం చెప్పారు?" అని. "కుదరదన్నాను" అని ఆపేసేవాళ్లు ఒక రకం, "అసలు వాళ్లకి కావాల్సిందేమిటో కనుక్కుని మరో దారి చూపించాను" అనేవాళ్లు మరో రకం.

ప్రస్తుత ఉద్యోగం ఇప్పుడే మానేయకండి. వారాంతాల్లో ఒక చిన్న గేమ్ పూర్తిచేసి, దాన్ని పాత ఫోన్‌లో సెకనుకి 60 ఫ్రేములు నడిచేదాకా తీసుకురండి. ఆ రెండో సగం మీకు నచ్చితే అప్లై చేయడం మొదలుపెట్టండి. ఆఫర్ వచ్చాక మీరు కూడా వాళ్లని కొన్ని అడగాలి: పోయిన ప్రాజెక్టు చివరి మూడు నెలల్లో పనిగంటలు ఎలా ఉన్నాయి, అప్పటి టీమ్‌లో ఇప్పుడు ఎంతమంది ఉన్నారు, మధ్యలో వెళ్లిపోయినవాళ్ల పేర్లు గేమ్ క్రెడిట్స్‌లో వేస్తారా, బిల్డ్ బ్రేక్ అయితే చూడాల్సింది ఎవరు. వీటికి తడుముకోకుండా జవాబు చెప్పే చోట చేరండి, జీతం కాస్త తక్కువైనా సరే. గేమ్ మొదలుపెట్టాక ఎక్కడైనా ఆగిపోతే ప్రొఫైలర్ స్క్రీన్‌షాట్‌తో ఇక్కడే కింద అడగండి, నేను చూస్తాను.